చూపు తక్కువైన పసిపిల్లలకు దూర పునరావాసం

చూపు లేకుండానో, బాగా తక్కువ చూపుతోనో పుట్టిన పిల్లలకు, పుట్టిన కొద్ది నెలల్లోనే చూపు దెబ్బతిన్న పిల్లలకు నిపుణులు ఫోను, వీడియో కాల్, ఇంట్లో తీసి పంపిన చిన్న వీడియోల ద్వారా ఇప్పించే శిక్షణను దూర పునరావాసం అంటారు. ఆసుపత్రుల్లో దీని పేరు టెలీ రిహాబిలిటేషన్. ఇక్కడ చెప్పేది ఆరేళ్లలోపు పిల్లల గురించి, అందులోనూ మొదటి మూడేళ్ల గురించి. పునరావాసం అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్న నిర్వాసితులు. వైద్యంలోకి వచ్చాక కూడా ఆ మాటకు పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడమనే అర్థమే ఉంది. ప్రమాదంలో కాలు విరిగినవారికి, పక్షవాతం వచ్చినవారికి ఆ అర్థం సరిపోతుంది. పుట్టుకతోనే చూపు లేని బిడ్డకు పోయిందంటూ ఏమీ లేదు. ఉన్న ఇంద్రియాలతో లోకాన్ని మొదటిసారి తెలుసుకోవాలి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 26వ అధికరణంలో ఈ రెండు పనులకూ రెండు వేరు మాటలున్నాయి. తెలుగులో ఇలా మొదటిసారి నేర్చుకునే పనికి వాడుక మాట ఇంకా పుట్టలేదు కనుక ఇక్కడా పునరావాసమనే అంటున్నాం. తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ పని దూరం నుంచి సాధ్యమా కాదా అన్న వాదమంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

పెద్దవాళ్ల పునరావాసంలో శిక్షణ తీసుకునే మనిషీ, దాన్ని వాడుకునే మనిషీ ఒక్కరే. చూపు పోయిన నలభై ఏళ్ల మనిషి చేతికర్ర పట్టడం నేర్చుకుంటే ఆ నేర్పు అతనితోపాటే ఇంటికి వెళ్తుంది. ఎనిమిది నెలల బిడ్డ విషయం అలా కాదు. థెరపిస్టు గదిలో ఆ బిడ్డ గిలక్కాయ వైపు చెయ్యి చాపినంత మాత్రాన, ఇంటికి వెళ్లాక ఆ గిలక్కాయ ఎవరు మోగిస్తారు, ఎటునుంచి మోగిస్తారు, బిడ్డ చెయ్యి కదిలేదాకా ఓపిక పడతారా, తొందరపడి చేతిలో పెట్టేస్తారా అన్నవి తేలవు. వారానికి 168 గంటలు. వారం వారం కేంద్రానికి రాగలిగిన కుటుంబానికి కూడా అందులో నిపుణుల ఎదుట గడిచేది ఒక గంట. మిగిలిన కాలమంతా బిడ్డ తల్లి ఒడిలో, నాయనమ్మ మంచం పక్కన, వంటింటి గడప దగ్గర ఉంటుంది. బిడ్డ నేర్చుకునేది అక్కడే. కాబట్టి పసిపిల్లల విషయంలో దూర పునరావాసాన్ని కేంద్రంలో జరిగే చికిత్సకు చవకబారు నకలుగా చూడటం పొరపాటు. సరిగ్గా నడిపితే అది శిక్షణను జరగవలసిన చోటికే చేరుస్తుంది. అయితే ఆ ‘సరిగ్గా’ అన్నదానికి కొన్ని గట్టి షరతులున్నాయి. వాటిని వదిలేస్తే ఇది మొక్కుబడి ఫోన్‌కాలై కూర్చుంటుంది.

ఇంత చిన్న వయసులోనే తొందర ఎందుకో చెప్పడానికి కంటి నిపుణులు ముందుగా ఎత్తేది డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్‌ల పేర్లే. 1960లలో వాళ్లు పిల్లికూనల ఒక కన్ను కొన్ని వారాలపాటు కుట్టి మూసి ఉంచారు. కుట్లు విప్పాక కన్ను బాగానే ఉంది గానీ, ఆ కంటి నుంచి వచ్చే సమాచారాన్ని అందుకోవలసిన మెదడు భాగం చాలావరకు రెండో కంటి వశమైపోయింది. పెద్ద పిల్లులకు అదే పని చేస్తే ఏమీ కాలేదు. చూపు నేర్చుకోవడానికి మెదడుకు ఒక అదను ఉంటుందన్న ఈ పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుశుక్లాలకు వారాల లెక్కన ఆపరేషన్ చేయాలనడానికి మూలం ఇదే. అయితే అదను దాటితే అంతా అయిపోయినట్టే అని చాలాకాలం చెప్పుకున్న మాట పూర్తిగా నిజం కాదు. ఎం.ఐ.టి.లో పనిచేసే పవన్ సిన్హా ఢిల్లీ కేంద్రంగా నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టుశుక్లాలతో ఏళ్ల తరబడి చూపులేకుండా పెరిగి ఎనిమిదేళ్లు దాటాక ఆపరేషన్ అయిన పిల్లలు కూడా కొంత పనికొచ్చే చూపు సంపాదించుకున్నారు. 2011లో ఆ బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం, కట్టు విప్పిన వెంటనే ఆ పిల్లలు చేత్తో తడిమిన వస్తువును కంటితో గుర్తుపట్టలేకపోయారు. కొద్ది రోజుల్లోనే అది పట్టుబడింది. ఆలస్యమైన బిడ్డను వదిలేయడానికి కారణం లేదనీ, ఆలస్యం చేయడానికి అంతకన్నా కారణం లేదనీ దీన్నిబట్టి తెలుస్తోంది.

ఏ చికిత్సతోనూ చూపు రాని పిల్లల విషయంలో తొందర మరో రకం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో సెల్మా ఫ్రేబర్గ్ 1960, 70లలో పుట్టుకతో చూపులేని పది మంది పసిపిల్లలను ఇళ్లకు వెళ్లి నెలల తరబడి గమనించింది, చిత్రీకరించింది. 1977లో పుస్తకంగా వచ్చిన ఆ పనిలో ఒక పరిశీలన ఈనాటికీ పునరావాసానికి పునాదిగా ఉంది. చూపున్న బిడ్డ నాలుగైదు నెలలకే కనిపించిన వస్తువు కోసం చెయ్యి చాపుతుంది. చూపులేని బిడ్డ, వినికిడి చక్కగా ఉన్నా, వినిపించిన వస్తువు కోసం చెయ్యి చాపేది మొదటి ఏడాది చివర్లో. మోగేది ఒక వస్తువనీ, అది ఫలానా చోట ఉందనీ, చెయ్యి చాపితే అందుతుందనీ చెవి ఒక్కటే చెప్పలేదు. చెయ్యి చాపాలన్న కోరిక లేకపోతే పాకడానికి కారణం లేదు, పాకకపోతే లోకం పెరగదు. మరో సంగతి ఏమిటంటే ఈ పిల్లలు తల్లి ముఖం చూసి నవ్వరు. తల్లి గొంతు విన్నప్పుడు కేకలు వేయకుండా, కాళ్లాడించకుండా ఒక్కసారిగా నిశ్చలమైపోతారు. వినడానికి నిశ్చలం కావాలి మరి. అది తెలియని తల్లి తన బిడ్డకు తనంటే ఇష్టం లేదనుకుని మెల్లగా పలకరింపు తగ్గించేస్తుంది. ముఖం చూడటం మానేసి చేతివేళ్లు చూడమని ఫ్రేబర్గ్ తల్లులకు నేర్పింది. బిడ్డ ఆసక్తి, ఆనందం, వెతుకులాట అన్నీ ఆ వేళ్లలో కనిపిస్తాయి. ఈ ఒక్క విషయం మొదటి ఆరు నెలల్లో తెలియడానికీ, రెండేళ్లకు తెలియడానికీ మధ్య తేడాను ఏ పరికరమూ పూడ్చలేదు. దీన్ని చెప్పడానికి ఎదురుగా కూర్చోవలసిన పనీ లేదు.

దూరం నుంచి నేర్పడం కోవిడ్‌తో పుట్టిందనుకుంటారు గానీ, దాని వయసు వందేళ్లు దాటింది. యాభై దాటాక చూపు పోగొట్టుకున్న ఉపాధ్యాయుడు విలియమ్ హ్యాడ్లీ 1920లో చికాగో దగ్గర విన్నెట్కాలో పోస్టు ద్వారా బ్రెయిలీ నేర్పే బడి పెట్టాడు. తర్వాతి కాలంలో అదే సంస్థ చూపులేని పిల్లల తల్లిదండ్రులకూ ఉచిత పాఠాలు పంపింది. నటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య లూయీజ్ 1942లో లాస్ ఏంజెలెస్‌లో స్థాపించిన క్లినిక్ చెవిటి పిల్లల తల్లులకు ఉత్తరాలతో కోర్సు నడిపింది. తల్లి రాసిన ఉత్తరం చదివి, ఆ బిడ్డకు తగ్గట్టు జవాబు రాసేవారు. అదే 1942లో బోస్టన్ వైద్యుడు థియొడోర్ టెరీ నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో కంటి కటకం వెనక తెల్లటి పొర కట్టే కొత్త జబ్బును వర్ణించాడు. ఇంక్యుబేటర్లలో మితిమీరి ఇచ్చిన ఆక్సిజన్ దానికి ముఖ్య కారణమని తేలేలోపు ప్రపంచంలో సుమారు 10,000 మంది పిల్లల చూపు పోయింది. పసివయసులో జోక్యం, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు నేర్పడం పాశ్చాత్య దేశాల్లో పాతుకున్నది ఆ పిల్లల కోసమే. మన దేశంలో అదే జబ్బు దూరవైద్యానికి దారి తీసింది. 2008లో బెంగళూరు నారాయణ నేత్రాలయ మొదలుపెట్టిన కిడ్‌రాప్ కార్యక్రమంలో శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది కర్ణాటక జిల్లాల శిశు వార్డులకు కెమెరాతో వెళ్లి రెటీనా చిత్రాలు తీస్తారు, ఎక్కడో ఉన్న డాక్టరు ఫోనులో చూసి ఏం చేయాలో చెబుతాడు. జబ్బును దూరం నుంచి పట్టుకోవడం ఇలా స్థిరపడింది. పట్టుకున్న తర్వాత బిడ్డను పెంచే పనికి దూరాన్ని వాడుకోవచ్చన్న ఆలోచన మాత్రం 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కేంద్రాలన్నీ మూతపడ్డాక గానీ పెద్దయెత్తున రాలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంతో సంబంధం దగ్గరిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆరు అంధుల పాఠశాలల పిల్లలను పరీక్షించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు సగం మంది విషయంలో చూపు పోకుండా ఆపగలిగేవారనో, చికిత్స చేయగలిగేవారనో తేలింది. విటమిన్ ఎ లోపం, శుక్లాలు అందులో ముఖ్యమైనవి. వంశపారంపర్య కారణాల వాటా కూడా పెద్దదే. మేనరికాలు ఎక్కువగా ఉన్న నేలలో అది వింత కాదు. ఆ తర్వాత పాతికేళ్లలో విటమిన్ లోపం వెనక్కి తగ్గి, నెలలు నిండని శిశువులు బతకడం పెరిగి, రెటీనా జబ్బులూ మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే చూపులోపమూ ముందుకొచ్చాయి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చికిత్సతోపాటు పునరావాసాన్నీ కంటి వైద్యంలో భాగంగానే నిర్మించింది. సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటరు, 5 లక్షలకు ఒక చిన్న ఆసుపత్రి, ఆపైన పెద్దాసుపత్రులుగా దాని సేవలు మెట్లుమెట్లుగా పేర్చి ఉంటాయి. ప్రభుత్వం వైపు చూస్తే, 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలకూ బడులకూ వైద్య బృందాలను పంపి, లోపాలున్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు చేరుస్తుంది. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 14 చోట్ల ప్రారంభించిన సత్వర జోక్య కేంద్రాల్లో సికింద్రాబాద్, నెల్లూరు ఉన్నాయి. కాగితం మీద ఇది చిన్న ఏర్పాటు కాదు. కానీ చూపులోపమున్న పసిబిడ్డతో పనిచేయడం నేర్చిన మనుషులు ఉండేది కొద్ది నగరాల్లోనే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు ఆ దారిన బిడ్డను ఎత్తుకొచ్చి, రెండేసి రోజుల కూలి వదులుకోవలసిన కుటుంబం మూడోసారి రాకపోతే, దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం.

పని నడిచే తీరు చూస్తే వాదం తేలికగా అర్థమవుతుంది. మొదటి పరీక్ష ఎదురుగానే జరగాలి. కంటి వైద్యుడు జబ్బేమిటో తేల్చాలి, నిపుణులు బిడ్డకు ఎంత చూపు ఉందో అంచనా కట్టాలి. మాటరాని బిడ్డ చూపును కొలవలేమని ఒకప్పుడు అనుకునేవారు. సాదా బొమ్మ కంటే ఆకారాలు గీసిన బొమ్మ వైపే శిశువు ఎక్కువసేపు చూస్తుందని రాబర్ట్ ఫాంట్జ్ 1950ల చివర్లో చూపించాక దారి దొరికింది. దాని నుంచే టెల్లర్ కార్డులు వచ్చాయి. ఫిన్లాండ్ వైద్యురాలు లేయా హ్యువరినెన్ చేసిన గీతల బ్యాట్లు, ఆపిల్, ఇల్లు లాంటి గుర్తుల చార్టులు మన ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. ఈ అంచనా తర్వాత, కుటుంబానికి ఏది కావాలో అడిగి తెలుసుకుంటారు. ‘చూపు రావాలి’ అన్నది ఎవరైనా చెప్పే జవాబే. దాని కింద దాగి ఉన్న చిన్న జవాబులు వెలికితీయడంలోనే థెరపిస్టు నేర్పంతా ఉంది. రాత్రి నిద్రపోవడం లేదు, మెత్తగా చేసింది తప్ప మరేదీ మింగడం లేదు, బోర్లా వేస్తే ఏడుస్తుంది, ఎవరు ఎత్తుకున్నా బిగుసుకుపోతుంది లాంటివి. వారానికో పదిహేను రోజులకో అరగంట కాల్. ఫోను బిడ్డ ముందు పెట్టకూడదు. బిడ్డ ముఖం, చేతులు, తల్లి చేతులు మూడూ కనిపించేట్టు పక్కనుంచి, ఏ డబ్బాకో ఆనించి పెట్టాలి. థెరపిస్టు చూస్తుంది, అడుగుతుంది, ఆగుతుంది. చేసేది తల్లి. కేంద్రంలో థెరపిస్టు తానే చేసి చూపించడం సులువు కాబట్టి అదే అలవాటవుతుంది, తల్లి ప్రేక్షకురాలిగా కూర్చుంటుంది. వీడియోలో ఆ సులువు లేదు. చేతులు కట్టేసినట్టుండే ఆ లోటే తల్లిని ముందుకు తెస్తుంది. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

తెలుగింట్లో ఇందుకు కావలసిన సామాను కొత్తగా కొనవలసింది చాలా తక్కువ. నిపుణులు చెప్పే మొదటి సూత్రం బిడ్డను ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవడం, ఎత్తుకునే ముందు ఒక గుర్తు ఇవ్వడం. తల్లి చేతిగాజులు ఆ పనికి సరిపోతాయి, ఆమె రోజూ అవే వేసుకుంటే. నూనె రాసి, కాళ్లమీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి పోసే నీళ్లు, చూపులేని బిడ్డకు తన ఒంటి పటం నేర్పే పాఠం కాగలవు. ప్రతిసారీ ఒకే వరసలో, ముందు చేతులు, తర్వాత పొట్ట, తర్వాత కాళ్లు అని చెబుతూ చేస్తే తర్వాత ఏమొస్తుందో బిడ్డ ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఎదురుచూడటం నేర్చిన బిడ్డకు ఉలికిపాటు తగ్గుతుంది. బోర్లా పడుకోవడం ఈ పిల్లలకు ఇష్టం ఉండదు. తల ఎత్తితే కనిపించే బహుమానం వాళ్లకు లేదు. తల్లి వెల్లకిలా పడుకుని బిడ్డను గుండెమీద బోర్లా వేసుకుని మాట్లాడితే మెడ ఎత్తడానికి కారణం దొరుకుతుంది. వస్తువు ఇచ్చేటప్పుడు బిడ్డ చేతిని పైనుంచి పట్టి లాగకూడదు, తన చేతిని కింద పెట్టి దానిమీద బిడ్డ చేతిని నడవనివ్వాలి. గిన్నె, గరిటె, చేటలో పోసిన కందిపప్పు, మువ్వల పట్టీ అన్నీ బొమ్మలే. డెన్మార్క్‌కు చెందిన లిలీ నీల్సన్ చూపులేని శిశువుల కోసం తయారుచేసిన ‘చిన్న గది’ అంటే, పడుకున్న బిడ్డ చెయ్యి కదిలిస్తే చాలు తగిలేట్టు రకరకాల వస్తువులు వేలాడదీసిన పెట్టె. వస్తువు ఎప్పుడూ అదే చోట ఉంటుంది గనుక చెయ్యి దాన్ని మళ్లీ వెతుక్కుంటుంది. చీర ఊయల పక్కన తాడు కట్టి చెంచాలు, తాళంచెవులు వేలాడదీస్తే సూత్రం అదే. చిన్నవీ ఊడిపోయేవీ మాత్రం నోట్లోకి పోతాయి, తాడు మెడకు చుట్టుకోవచ్చు కూడా. ఎవరో ఒకరు దగ్గరున్నప్పుడే ఆ ఆట. అది గట్టిగా కట్టి ఉందో లేదో వీడియోలో చూసి సరిచేయడం కూడా థెరపిస్టు పనే.

మెదడు సంబంధమైన చూపులోపం ఉన్న పిల్లల పద్ధతి వేరు. కాన్పు సమయంలో ఊపిరాడక, తక్కువ నెలలకు పుట్టడం వల్ల, చక్కెర పడిపోవడం వల్ల మెదడు దెబ్బతిన్న పిల్లల్లో కన్ను బాగానే ఉంటుంది గానీ చూసింది మెదడుకు అర్థం కాదు. సంపన్న దేశాల్లో పిల్లల చూపులోపానికి మొదటి కారణం ఇదే. గ్లాస్గో వైద్యుడు గోర్డన్ డటన్, అమెరికాలో క్రిస్టీన్ రోమన్ లాంట్జీ దీన్ని అర్థం చేసుకునే తీరును మార్చారు. ఈ పిల్లలకు ఒక్క రంగు, ఒక్క వస్తువు, వెనక ఖాళీ, చుట్టూ నిశ్శబ్దం కావాలి. పూలపూల దుప్పటి మీద పది బొమ్మలు పోసి, టీవీ మోగుతూ ఉంటే బిడ్డ చూడటం లేదని తేల్చేస్తాం. అదే బిడ్డ నల్లచీర పరిచి దానిమీద పెట్టిన పసుపురంగు గిన్నెను, పది పదిహేను సెకన్లు ఆగితే, చూడవచ్చు. కేంద్రంలోని ఖాళీ గదిలో బాగా చూసిన బిడ్డ ఇంట్లో ఎందుకు చూడటం లేదో ఇంటి వీడియో ఒక్కటే చెబుతుంది. శుక్లాల ఆపరేషన్ అయిన శిశువుల్లో దూరసేవకు మరింత సాదా ప్రయోజనం ఉంది. కంటిలోని కటకం తీసేశాక మందపాటి అద్దాలు మెలకువగా ఉన్నంతసేపూ ఉండాలి. అద్దాలు లేకపోతే ఆపరేషన్ చేసినా మెదడుకు మసకే చేరుతుంది. బిడ్డ పీకేస్తుంది, పెద్దలు జాలిపడి తీసేస్తారు, కాడ విరుగుతుంది, ఏడు నెలలకు తల పెరిగి బిగుతవుతుంది. వారానికొక కాల్ ఈ నాలుగు చిక్కుల్నీ వచ్చిన వారంలోనే పట్టుకుంటుంది. ఆరు నెలలకొకసారి జరిగే తనిఖీలో అవి ఆరు నెలల నష్టంగా బయటపడతాయి.

ఇదంతా నిజమని రుజువేమిటి అన్నది న్యాయమైన ప్రశ్న. సూటి రుజువు తక్కువేనని ఒప్పుకోవాలి. తక్కువ చూపున్నవారికి దూర పునరావాసంపై, వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో చేసిన సమీక్షలో ప్రమాణాలకు నిలిచే పూర్తయిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. ఆ సమీక్ష మనసులో పెట్టుకున్నదీ ఎక్కువగా పెద్దవాళ్లనే. కాబట్టి ఇరుగుపొరుగు రుజువులను కలిపి చూడాలి. మొదటిది, ఇంటి దగ్గర తల్లిదండ్రుల ద్వారా చేసే పని ఫలిస్తుందన్నది. లండన్‌లో పట్రిషియా సాంక్సెన్ బృందం తీవ్ర చూపులోపమున్న శిశువులకు ఎదుగుదల మెట్ల ప్రకారం చూపును ప్రోత్సహించే కార్యక్రమం మేలు చేస్తుందని 1991లో చూపించింది. అదే పరంపరలో తయారైన ‘డెవలప్‌మెంటల్ జర్నల్’ అనే మార్గదర్శిని ఇంట్లో వాడిన కుటుంబాల్లో పిల్లల ఎదుగుదల మెరుగ్గా ఉందని నయోమీ డేల్ తదితరులు 2019లో ప్రచురించారు. రెండోది, వీడియో ద్వారా తల్లులకు నేర్పవచ్చన్నది. చెవిటి పిల్లలున్న 27 కుటుంబాలను తీసుకుని ఇంటికి వెళ్లి నేర్పడాన్నీ వీడియోలో నేర్పడాన్నీ పోల్చిన యూటా స్టేట్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2013లో వచ్చింది. అందులో వీడియో బృందం వెనకబడకపోగా, మాట్లాడే భాషలో ముందుంది. 27 కుటుంబాలు చిన్న సంఖ్యే. మూడోది, ఇంట్లో వాడే పరికరాలన్నీ అందరికీ పనిచేయవన్న హెచ్చరిక. జెనోవాలో మోనికా గోరి బృందం చెయ్యి కదిలితే శబ్దం చేసే కంకణం రూపొందించి చూపులోపమున్న పిల్లలకు తొడిగింది. 2019 ఫలితాల్లో కదలిక, దిక్కుల తెలివి మెరుగుపడ్డాయి. అంతకు ముందు 2017 అధ్యయనంలో బొత్తిగా చూపులేని పిల్లలకు మేలు కనిపించింది గానీ, కొంత చూపున్నవారికి కనిపించలేదు. ఈ మూడూ కలిసి దూర పునరావాసం ఫలిస్తుందని తేల్చవు. ఫలించడానికి బలమైన కారణాలున్నాయని, అయితే ఏ బిడ్డకు ఏది అన్నది దూరం నుంచి ఊహించకూడదని చెబుతాయి.

అభ్యంతరాల్లో ముందు వినిపించేది స్పర్శ గురించి. పసిబిడ్డ కండరాల బిగువు, మింగేటప్పుడు గొంతు కదలిక, మూర్ఛ తాలూకు చిన్న అదురు తెరలో కనిపించవు. ఇది నిజం, దీనికి జవాబు లేదు. ఏర్పాటు మాత్రమే ఉంది. చూపులోపంతోపాటు సెరెబ్రల్ పాల్సీ, మూర్ఛ ఉన్న పిల్లలకు దూరసేవ ప్రధానం కాకూడదు, రెండు సందర్శనల మధ్య వంతెనగా ఉండాలి. జిల్లా కేంద్రంలోని ఫిజియోథెరపిస్టు బిడ్డను చేత్తో పట్టి చూస్తుండగా నగరంలోని చూపు నిపుణురాలు వీడియోలో మాట్లాడటం వీలైన పనే, ఇద్దరి తెలివీ అప్పుడు బిడ్డకు అందుతుంది. రెండో అభ్యంతరం తెర గురించి. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ ఒక్కటే మినహాయింపని భారతీయ శిశువైద్యుల సంఘం చెప్పింది. రెండేళ్లలోపు వద్దు, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించవద్దు అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. దూర పునరావాసానికీ ఈ మాటకూ పేచీ లేదు. ఇందులో తెర తల్లికి, బిడ్డకు కాదు. పేచీ వచ్చేది, మెరిసే బొమ్మలున్న యాప్ ఒకటి డౌన్‌లోడ్ చేసి బిడ్డ ముందు పెట్టి దాన్నే థెరపీ అన్నప్పుడు. వెలుతురు వైపు గుడ్లప్పగించి ఉండిపోయే అలవాటు కొందరు చూపు తక్కువ పిల్లలకు ముందే ఉంటుంది. వాళ్లకు మెరిసే ఫోను ఆ అలవాటును బలపరచడం తప్ప వేరే చేసేదేమీ ఉండదు. కంట్లో టార్చి వేయడం కూడా చికిత్స కాదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఫోను ఎవరి చేతిలో ఉందన్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21 లెక్కల్లో, సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఆ తర్వాత సంఖ్యలు పెరిగి ఉంటాయి గానీ, ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ పగటిపూట తండ్రి జేబులో పనికి వెళ్లిపోతుందన్న మాట పెరుగుదలతో మారదు. వీడియో కాల్ మీదే నిలబెట్టిన ఏ పథకమైనా, ఎక్కువ అవసరమున్న ఇళ్లనే ముందు వదిలేస్తుంది. దీనికి దారులు లేకపోలేదు. మామూలు ఫోన్‌కాల్‌తో నడిచే పాఠాలు, రాత్రి వేళ వినగలిగేట్టు తెలుగులో, ఆ జిల్లా మాటల్లో రికార్డు చేసిన వాట్సాప్ సందేశాలు, అన్నిటికన్నా ముందు అంగన్‌వాడీ కేంద్రమో విజన్ సెంటరో వారానికి ఒక గంట తన ఫోనూ చాపా తల్లికి ఇవ్వడం. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర ఇప్పటికే చాలా రిజిస్టర్లున్నాయి కదా అనవచ్చు. ఆమెను నిపుణురాలిని చేయమని కాదు. ఆమె కేంద్రంలో చూపులోపమున్న పసిబిడ్డ ఉండటం అరుదు. ఉన్నప్పుడు ఆ ఒక్క గంట కేటాయించమని అడగడమే.

భారం మొత్తం తల్లిమీద పడుతుందన్నది కూడా కొట్టిపారేయలేని మాట. నీళ్లు, వంట, కూలి, మరో బిడ్డ, అత్తగారి నిందలు, వీటికి తోడు రోజూ ఇరవై అంశాల అభ్యాసాల పట్టిక ఇస్తే అది శిక్షణ కాదు, శిక్ష. అందుకే నిపుణులు కొత్త పనులు చేర్చకుండా, ఉన్న పనుల్లో ఒకటి రెండు మార్పులతో సరిపెట్టుకోవడం నేర్చుకోవాలి. ఆ భారాన్ని పంచడానికి ఇంట్లోని పెద్దవాళ్లను, తండ్రిని కాల్‌లో కూర్చోబెట్టడం వీడియోకున్న ఒక లాభం. కేంద్రానికి ఇద్దరు రావడమే కష్టం, కాల్‌లోకి నాయనమ్మ కూడా వస్తుంది. బిడ్డ చూడటం లేదని వినడం తల్లికి కొత్త కాకపోవచ్చు. బిడ్డ వేళ్లు ఏం చెబుతున్నాయో ఇల్లంతా కలిసి చూడటం మాత్రం కొత్తే.

చివరగా, ప్రభుత్వాలు దీన్ని ఖర్చు తగ్గించుకునే సాకుగా వాడుకుంటాయన్న భయం. ఆ భయం నిరాధారం కాదు. దూరసేవ పేరుతో జిల్లా కేంద్రంలోని ఖాళీ పోస్టు నింపకుండా వదిలేస్తే, దూరం నుంచి చూసే నిపుణురాలికి ఎదురుగా పరీక్షించే మనిషే ఉండదు. మొదటి అంచనా, ఆరు నెలలకొకసారి తిరిగి పరీక్ష, కాలు నేలమీద పెట్టి నడిచే వయసులో దిక్కుల శిక్షణ, ఇవి ఎదురుగానే జరగాలి. ఇవి లేనిచోట దూర పునరావాసం మొదలుపెట్టకపోవడమే మేలు. నియమాల వైపు కూడా ఖాళీ ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నమోదైన వైద్యుల కోసం రాసినవి. పునరావాస నిపుణులు వీడియోలో ఏం చేయవచ్చు, బిడ్డ వీడియోలు ఎక్కడ దాచాలి, ఎంతకాలం ఉంచాలి, తల్లి వద్దంటే ఎలా చెరిపేయాలి అన్నవి వాటిలో లేవు. బిడ్డ ఒంటిమీద బట్టలు లేకుండా నీళ్లు పోసే వీడియో ఒకరి సొంత ఫోను నుంచి మరొకరి సొంత ఫోనుకు వెళ్లే పని ఇది. వికలాంగుల హక్కుల చట్టం (2016) కంటి చూపు ఎంత తగ్గితే అల్పదృష్టో, ఎంత తగ్గితే అంధత్వమో 6/18, 3/60 లెక్కల్లో నిర్వచించింది. ఆరు నెలల బిడ్డను ఆ లెక్క తేల్చే చార్టు ముందు కూర్చోబెట్టలేం. వైకల్య ధ్రువపత్రం వచ్చేదాకా సేవ ఆగనక్కర్లేదని స్పష్టంగా రాసిన ఆదేశం జిల్లా కేంద్రాలకు ఇవ్వడం ఖర్చులేని పని.

ఈ వ్యాసం చదివే తల్లిదండ్రులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక మనవి. మూడు నెలలు నిండినా బిడ్డ తల్లి ముఖంపై చూపు నిలపకపోయినా, కళ్లు నిలకడ లేకుండా కదులుతున్నా, పిడికిళ్లతో కళ్లు నొక్కుకుంటున్నా, ఫోటోలో కంటిపాప తెల్లగా మెరిసినా ఏ వీడియో కాల్ కోసమూ ఎదురుచూడవద్దు. తెల్లటి మెరుపు కంటి క్యాన్సర్ గుర్తు కావచ్చు. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకైతే లక్షణాల కోసం చూడకుండానే, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ తక్కువ నెలలకు పుట్టినవారికి అంతకన్నా ముందే. ముందు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడి నుంచి వచ్చేటప్పుడు, ఇంటి దగ్గర ఏం చేయాలో ఫోనులో చెప్పే మనిషి పేరు, నంబరు అడిగి రాసుకుని రండి.